ఊరు కోలుకుందని చెప్పాల్సింది ఎవరు?

హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గర నుంచి వెళ్ళి రెండు రోజులు న్యూ ఆర్లీన్స్ చూసొచ్చాను. "ఊరు భలే కోలుకుంది" అని అందరితోనూ అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నేను చూసిందేమిటి? ఫ్రెంచ్ క్వార్టర్, దాని ఇనప అల్లికల వరండాలు, వీధి బాకాలు. 2005 ఆగస్టులో కత్రినా తుపానుకు కరకట్టలు తెగి ఊళ్ళో 80 శాతం మునిగితే, మెరక మీదున్న ఆ పేట చాలావరకు మునగనే లేదు. మునగని చోట నిలబడి తేలిందని మెచ్చుకున్నానన్నమాట!

ఆరు నెలలకే, 2006 ఫిబ్రవరిలో, అతిథుల కోసం మార్డీ గ్రా పండగ జరిగింది. పేదలుండే ప్రభుత్వ గృహసముదాయాల తలుపులకు మాత్రం ఇనప రేకులు బిగించారు. అద్దె కాగితాలు ఎక్కువగా నల్లజాతి స్త్రీల పేరు మీదే ఉన్నాయి. మా గోడలు గట్టిగానే ఉన్నాయి, బాగుచేసి ఇవ్వండి చాలని వాళ్ళు మొత్తుకున్నారు. 2007 డిసెంబరులో నగర పాలకమండలి సుమారు 4,500 ఇళ్ళ కూల్చివేతకు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. బయట నిరసన తెలుపుతున్నవాళ్ళ మీద పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు.

పర్యాటకుల డబ్బుతోనే కదా ఊరు బతికేది అంటారు. నిజమే, వెళ్ళొద్దనడం లేదు. కానీ మన గదిలో దుప్పట్లు మార్చే మనిషి రాత్రికి ఏ ఇంటికి చేరుతుందో అడక్కుండా కితాబులిచ్చే హక్కు మనకెక్కడిది? ఊరు కోలుకుందో లేదో చెప్పాల్సింది తిరిగి రాలేకపోయిన ఆ స్త్రీలు. వాళ్ళని అడిగినవాళ్ళెవరు?