పచ్చదీపం చెప్పే సగం నిజం

బస్తరు అడవుల దక్షిణ భాగంలో ఎద్దు మూపురాన్ని తలపించే కొండల వరుస ఒకటి ఉన్నది. ఆ పోలికనుబట్టే దానికి బైలడిల్లా అనే పేరు వచ్చింది. ఆ కొండల పాదాన ఉన్న పట్టణం బచేలి. పైన తవ్విన ఇనుపరాయి ముక్కలై, కన్వేయర్ పట్టీలమీద క్రిందికి దిగి, రైలు పెట్టెలకెక్కి, తూర్పు కనుమల సొరంగాలు దాటి, కొత్తవలస మీదుగా విశాఖపట్నం చేరుతుంది. హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడి అయిదవ నిక్షేపంలో 1977లో ఉత్పత్తి ప్రారంభించింది. ఉద్యోగరీత్యా వచ్చి నిలిచిపోయిన తెలుగు కుటుంబాలకు ఈ ఊరు పరాయిది కాదు.

ఇటువంటి గనులలో రాత్రికీ పగటికీ భేదం తక్కువ. పదుల టన్నుల రాయిని మోసే డంపర్ వెనుకకు నడిచేటప్పుడు డ్రైవరుకు తవ్వకపు మెట్టు అంచు కనిపించాలి; ఆ అంచున నిలిచిన మనిషి కూడా కనిపించాలి. సహజమైన వెలుతురు చాలనిచోట తగినంత దీపకాంతి ఏర్పాటు చేయవలసిన బాధ్యతను 1961లో వెలువడిన లోహగనుల నిబంధనలు యాజమాన్యంమీద ఉంచాయి.

దీపాల స్విచ్చి వేయడానికి ఒకప్పుడు సాయంకాలం ఒక మనిషి తిరిగేవాడు. తరువాత గడియారపు స్విచ్చి, దానివెంట చీకటిని పసిగట్టే ఫోటోసెల్ వచ్చాయి. నేడు ఎత్తయిన దీపస్తంభం మొదట్లో, ఇనుప పెట్టెలో, కంట్రోలర్ అనే చిన్న యంత్రాన్ని అమర్చే పద్ధతి వ్యాపించింది. దూరాన ఉన్న కంప్యూటర్ నుంచి ఆజ్ఞ అందగానే అది కాంటాక్టరును మూసి దీపాలు వెలిగిస్తుంది. ఎంత విద్యుత్తు ఖర్చయినదీ, ఏ వరుస ఆరిపోయినదీ తిరిగి చెబుతుంది. చెప్పేవారు, వినేవారు ఇద్దరూ ఆరోగ్యంగానే ఉండి, నడుమ మాట తెగిపోవడమే ఈ పద్ధతిలోని చిక్కు.

బచేలివంటి కొండమీద ఒక సాయంకాలం అటువంటి చిక్కు వచ్చిందనీ, తెరమీద ఒక స్తంభం పేరు ఎర్రబడి "జవాబు లేదు" అనే మాట కనిపించిందనీ అనుకుంటే, సామాన్యంగా జరిగేది ఒకటే. ఒకరు కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేస్తారు. మరొకరు కంట్రోలర్‌ను ఆపి వేస్తారు. మూడవవారు నాలుగు అంకెలు మార్చి చూస్తారు. అదృష్టవశాత్తు మాట కలిసినా దోషమేదో తెలియదు; కలవకపోతే ఉన్న దోషానికి కొత్తవి రెండు చేరతాయి. ఒక్కసారికి ఒక్కదానినే మార్చి, ఫలించకపోతే దానిని పూర్వస్థితికి తెచ్చిన పిమ్మటనే రెండవదానిని ముట్టుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. వారు తీగతో మొదలుపెట్టి, క్రమంగా పైకి పోతారు.

తీగ దూర్చిన రంధ్రం ప్రక్కన చిన్న పచ్చదీపం ఒకటి ఉంటుంది. అది వెలిగితే "నెట్‌వర్క్ బాగానే ఉంది" అనడం పరిపాటి. నిజానికి ఆ దీపం చెప్పేది చాలా స్వల్పం. ఈ తీగ రెండవ కొసన విద్యుత్తుతో సజీవంగా ఉన్న యంత్రమేదో ఉన్నదని మాత్రమే అది చెబుతుంది. ఆ యంత్రమేది, అది మాట వింటున్నదా, విన్నా అర్థం చేసుకుంటున్నదా అన్న సంగతి దానికి తెలియదు.

కొండమీద ఈ తేడా మరీ ముఖ్యం. సాధారణ రాగి నెట్‌వర్క్ తీగ 100 మీటర్ల వరకే నమ్మదగినది. గనిలో దూరాలు కిలోమీటర్లలో ఉంటాయి కనుక నడుమ ఆప్టికల్ ఫైబర్ అనే గాజుతంతువుల కేబుల్ వేయవలసి వస్తుంది. పిడుగులు పడే కొండమీద అది మరొక విధంగా కూడా మేలు: రాగితీగ రెండు భవనాలను కలిపితే పిడుగుపాటు తాకిడిని కూడా ఒక చోటినుంచి మరొక చోటికి మోసుకుపోతుంది, గాజు విద్యుత్తును మోయదు. అయితే కాంతిని మళ్ళీ విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పెట్టె కంట్రోలర్ ప్రక్కనే ఉంటుంది. అందువల్ల కంట్రోలర్ మీది పచ్చదీపం చాలా సందర్భాలలో ప్రక్కనున్న ఆ పెట్టెవరకు, అనగా మూరెడు తీగకు మాత్రమే హామీ ఇస్తుంది. అటు కొండ దిగువన గాజుతంతువు తెగి రెండు రోజులైనా ఆ దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉండవచ్చును. గాజుతంతువులు తరచుగా జంటగా ఉంటాయి. ఒకటి మాట తీసుకుపోతే రెండవది జవాబు తెస్తుంది. మరమ్మతు చేసినప్పుడు ఆ రెండింటినీ తారుమారుగా దూర్చడం సర్వసాధారణమైన పొరపాటు. ఇరువురూ మాట్లాడే నోళ్ళు ఎదురెదురుగా వస్తాయి, వినే చెవి ఒక్కటీ ఉండదు.

చుట్టూ ఇనుము ఉన్నది కనుక కొండే సంకేతాలను చెడగొడుతున్నదేమో అనిపించడం సహజం. ఇక్కడి రాయి హెమటైట్. 60 శాతానికి పైగా ఇనుము గలదైనా అయస్కాంతగుణం దానికి చాలా తక్కువ. వైర్‌లెస్ సంకేతాలకు అడ్డువచ్చేది ఆ గుణం కాదు, కొండ భుజమే. గాజుతంతువుకు ఆ బాధ కూడా లేదు.

తీగ నిర్దోషి అని తేలిన తరువాత చూడవలసినది చిరునామా. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఐ.పి. అడ్రసు అనే నాలుగు అంకెల గుర్తు ఉంటుంది. దానితోపాటు సబ్‌నెట్ మాస్క్ అనేది ఉంటుంది. చిరునామాలో ఎంత భాగం వీధి పేరు, ఎంత భాగం ఇంటి నంబరు అన్నది అది నిర్ణయిస్తుంది. మాస్క్ 255.255.255.0 అయితే మొదటి మూడు అంకెలు వీధి, చివరిది ఇల్లు. కంప్యూటర్ 192.168.1.10 లోనూ, కంట్రోలర్ 192.168.0.20 లోనూ ఉంటే రెండూ వేరువేరు వీధులు. నడుమ రౌటర్ అనే దారి చూపేవాడు లేకపోతే, ఒకే తీగకు రెండు కొసలలో ఉన్నా అవి ఒకదానినొకటి ఎరుగవు. పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది.

కంప్యూటర్ చిరునామా 169.254 తో మొదలైతే మరొక అర్థం ఉన్నది. చిరునామా ఇచ్చేవారికోసం ఎదురుచూచి, ఎవరూ పలకకపోయేసరికి అది తనకు తానే ఒక పేరు పెట్టుకున్నదన్నమాట. కంట్రోలర్లు సాధారణంగా స్థిరమైన చిరునామాతో ఉంటాయి కనుక కంప్యూటర్‌కు కూడా అదే వీధిలో స్థిరమైన చిరునామా ఇవ్వాలి.

వీటన్నిటికంటె చికాకు పెట్టేది ఒకే చిరునామా రెండు యంత్రాలకు పడడం. బడిలో హాజరు పిలిచేటప్పుడు ఒకే పేరుగల పిల్లలిద్దరూ పలికినట్లు, ఒకసారి ఒకరు, ఒకసారి మరొకరు జవాబిస్తారు. స్తంభం కొంతసేపు మాట వింటుంది, కొంతసేపు వినదు. దీనిని పట్టుకొనే ఉపాయం సులభం: అనుమానించిన కంట్రోలర్ తీగను ఊడదీసి, అదే చిరునామాను మళ్ళీ పిలవాలి. అప్పటికీ జవాబు వస్తే, పలికినవారు వేరెవరో.

ఆ పిలుపుకు వాడే పింగ్ అనే చిన్న ప్రోగ్రాం దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉన్నది. అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయంలో పనిచేసిన మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో, తన నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తూండగా, కారణం కనిపెట్టడానికి దానిని రాశాడు. జలాంతర్గాములను వెదకే సోనార్ యంత్రం చేసే ధ్వనినే దానికి పేరుగా పెట్టాడు. ధ్వని వెళ్ళి దేనినో తాకి తిరిగి వచ్చినట్లే, ఈ పిలుపు వెళ్ళి యంత్రాన్ని తాకి తిరిగి వస్తుంది. ఎన్ని మిల్లీసెకన్లు పట్టినదో కూడా చెబుతుంది. అంత స్వల్పమైన ఉపకరణం నాలుగు దశాబ్దాలు దాటినా పాతబడలేదు. కంట్రోలర్ దగ్గర నిలబడి దగ్గరి యంత్రాన్ని, తరువాత నడుమనున్న దానిని, చివరకు దూరపు దానిని పిలుస్తూ పోతే, జవాబు ఎక్కడ ఆగిపోయిందో అక్కడే దోషం ఉన్నట్లు.

పిలుపుకు జవాబు వచ్చి, దీపం మాత్రం వెలగకపోతే పని ముగియలేదన్నమాట. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క ద్వారం ఉంటుంది. పరిశ్రమలలో వాడే మోడ్‌బస్ అనే భాష 1979లో మోడికాన్ సంస్థలో పుట్టింది. నెట్‌వర్క్ మీద దాని ద్వారం సంఖ్య 502. రంగస్థలపు దీపాలకు వాడే ఆర్ట్‌నెట్ ద్వారం 6454. కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ అనే కావలివాడు పింగ్‌ను పోనిచ్చి ఈ ద్వారాలను మూసివేయవచ్చును. కొత్త తీగ దూర్చినప్పుడు కంప్యూటర్ దానిని అపరిచితమైన బయటి నెట్‌వర్క్‌గా భావించి కావలి పెంచడం తరచు జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో వైర్‌లెస్ కూడా పనిచేస్తుంటే ఆజ్ఞ తీగ దారిన కాక గాలి దారిన పోయే అవకాశం ఉన్నది. పరీక్షించేంతసేపు వైర్‌లెస్ ఆపివేయడం మంచిది. ఫైర్‌వాల్‌ను కూడా పరీక్షకోసం ఒక నిమిషం ఆపవచ్చును. దోషం అదేనని తేలిన తరువాత దానిని మళ్ళీ నిలిపి, కావలసిన ద్వారమొక్కటే తెరవాలి. గనిలో ఈ రెండవ పని మరచిపోయేవారే ఎక్కువ.

నాటకశాలల్లోనూ ఇదే కథ. అక్కడి దీపాలకు 1986లో రూపొందిన డి.ఎం.ఎక్స్. 512 అనే పద్ధతి ఉన్నది. ఒక్కొక్క వరుసలో 512 దీపమార్గాలు. ఆ వరుసలను నెట్‌వర్క్ మీదికి ఎక్కించేదే ఆర్ట్‌నెట్. దానికి అలవాటైన చిరునామా 2 తో మొదలవుతుంది, మాస్క్ 255.0.0.0, ఇళ్ళలోని కంప్యూటర్లు 192 తో మొదలవుతాయి. కొత్తవారు మొదట తడబడేది ఇక్కడే. ఆ పిమ్మట వచ్చేది లెక్కింపు తగాదా: ఆర్ట్‌నెట్ వరుసలను సున్న నుంచి లెక్కపెడుతుంది, చాలా నియంత్రణ బల్లలు ఒకటి నుంచి లెక్కపెడతాయి. మోడ్‌బస్‌లోనూ పుస్తకంలో 40001 అని ఉన్నది తీగమీద సున్న అవుతుంది. తాను కోరిన దీపం కాక ప్రక్క దీపం వెలిగితే తీగను తిట్టనక్కరలేదు. ఒకటి కలపడమో తీయడమో చేస్తే చాలు. డి.ఎం.ఎక్స్. తీగ చివర 120 ఓముల నిరోధకం లేకపోతే సంకేతం గోడను తాకి తిరిగివచ్చిన ప్రతిధ్వనివలె మరలి వచ్చి దీపాలు మిణుకుతాయి. మనుషులకు అపాయం కలిగించగల పనులకు ఈ పద్ధతిని వాడరాదని దాని ప్రమాణపత్రమే చెబుతుంది. గనివారు గుర్తుంచుకోదగిన మాట అది.

బచేలి రాయి ఓడ ఎక్కే విశాఖపట్నంలో ఇదే ప్రశ్న ఇంకా పెద్ద ఎత్తున వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరాన్ని తాకింది. ఆ మరుసటి సంవత్సరం అక్కడ 90 వేలకు పైగా వీధిదీపాల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. ఇటువంటి ఏర్పాట్లలో వీధి మొగనున్న పెట్టె తన సమాచారాన్ని సెల్‌ఫోన్ వలె సిమ్ కార్డు ద్వారా కేంద్రానికి పంపుతుంది. తుపాను రాత్రి మొదట మూగపోయేవి సెల్‌ఫోన్ గోపురాలే. కేంద్రంనుంచి ఆజ్ఞ రానంత మాత్రాన వీధి చీకటి కాకూడదు. అందుకే పెట్టెలోనే అక్షాంశ రేఖాంశాలనుబట్టి సూర్యోదయ సూర్యాస్తమయాలు లెక్కకట్టే గడియారం ఉంచుతారు. మాట తెగినప్పుడు అది తన బుద్ధితోనే నడుచుకుంటుంది.

గని స్తంభం కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే: మాట తెగితే దీపం ఏమవుతుంది? కొన్ని కంట్రోలర్లు చివరి ఆజ్ఞను పట్టుకొని ఉంటాయి, కొన్ని ఆర్పివేస్తాయి. చాలావాటిలో ఇది ఎంచుకోదగిన అమరికే. ఆర్పే అమరికతో వచ్చినదానిని ఎవరూ మార్చకపోతే, పది రూపాయల తీగ తెగి డంపర్ల దారి చీకటి కాగలదు. పగటిపూట, పని లేని వేళ, తీగ ఊడదీసి ఏమవుతుందో కళ్ళారా చూడడం ఒక్కటే దీనికి నిదర్శనం.

దీనికి వ్యతిరేకమైన అపాయం కూడా ఉన్నది. దీపం ఆరిపోయి ఉన్నది కదా అని ఎలక్ట్రీషియన్ పెట్టె తెరచి కాంటాక్టరును ముట్టుకున్న క్షణంలో, దిగువన మరొకరు సబ్‌నెట్ మాస్క్ సరిదిద్దితే, అంతవరకు అందని "వెలిగించు" అనే ఆజ్ఞ అందుతుంది. తెగిన సంబంధం ఎప్పుడు కలుస్తుందో పెట్టె దగ్గరున్నవాడికి తెలియదు. అందుచేత నెట్‌వర్క్ పరీక్ష అయినా సరే, లోపల చేయిపెట్టవలసి వస్తే ముందుగా ప్రధాన స్విచ్చి ఆపి, తాళం వేసి, తాళంచెవి తన జేబులో ఉంచుకొని, తన పేరుగల చీటీ వేలాడదీయాలి. "ఆపివేశాను" అని కంప్యూటర్ దగ్గరివాడు ఫోనులో చెప్పిన మాట తాళానికి బదులు కాదు.

పని ముగిసిన తరువాత వ్రాసి ఉంచవలసినవి స్వల్పమే: కంట్రోలర్ చిరునామా, మాస్క్, ద్వారం సంఖ్య, లెక్క సున్నతోనా ఒకటితోనా, గాజుతంతువులలో ఏది పోయేది ఏది వచ్చేది, మాట తెగితే దీపం ఉండేదా ఆరేదా, చివరిసారి మార్చిన తేదీ. ఆ కాగితాన్ని ఆఫీసు బీరువాలో కాక పెట్టె తలుపు లోపలివైపు అంటిస్తారు. బైలడిల్లా వర్షాకాలానికి సిరా నిలవదు గనుక పెన్సిలుతో వ్రాసి, పైన ప్లాస్టిక్ పొర వేస్తారు.