కాటికాపరి సాక్ష్యం

2018 జూన్‌లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో అప్పటి శాసనసభ్యుడు నిమ్మల రామానాయుడు ఊరి శ్మశానంలో మంచం వేయించుకుని రాత్రంతా అక్కడే పడుకున్నారు. శ్మశానాన్ని బాగుచేయడానికి సుమారు 3 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి గానీ పని ముందుకు సాగలేదు. అక్కడ దయ్యాలున్నాయని కూలీలకు భయం. పని చేస్తుండగా సగం కాలిన శవం కంటబడటంతో వదిలేసి వెళ్లిపోయారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆయన అక్కడే భోంచేసి, అక్కడే నిద్రపోయి, తెల్లారి లేచి, దోమలు తప్ప తననేవీ ఇబ్బంది పెట్టలేదని చెప్పారు.

ఈ వార్త దేశం దాటి బీబీసీ దాకా వెళ్లింది. ప్రచారం కోసం చేశాడని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. నేను ఆ మాట అనను. ఓట్ల కోసం యజ్ఞాలు, యాగాలు చేయించే నాయకుల మధ్య ఒక శాసనసభ్యుడు దయ్యాలు లేవని పడుకుని చూపించడం చిన్న సంగతి కాదు. పాలకొల్లు అంటే పంచారామాల్లో ఒకటైన క్షీరారామం ఉన్న ఊరు. శివుడు శ్మశానవాసి అని పొద్దున గుళ్లో స్తోత్రం చదివినవాళ్లే, పొద్దుగూకితే ఆ శ్మశానం దారిన నడవడానికి జంకుతారు. అలాంటి చోట ఆయన చేసిన పని మెచ్చుకోదగ్గదే. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. ఆ ఒక్క రాత్రి కోసం ఊరు ఎందుకు ఎదురుచూడాల్సి వచ్చింది?

దయ్యాల గురించి సాక్ష్యం చెప్పే హక్కు ఎవరికైనా ఉందంటే అది కాటికాపరికే ఉంది. మన ఊళ్లలో ఎన్నో కాటికాపరి కుటుంబాలు శ్మశానం అంచున గుడిసె వేసుకునో, లోపలే పాత మండపం కిందనో బతుకుతున్నాయి. పిల్లలు చితుల పక్కనే ఆడుకుని పెద్దవాళ్లవుతారు. అమావాస్య అని, ఆదివారం అని పని ఆపుకునే వీలు వాళ్లకు లేదు. దయ్యమే ఉంటే మొదట పట్టాల్సింది వాళ్లనే. వాళ్లను పట్టి పీడించేవి ఏమిటో వాళ్లనే అడగండి. నికరంగా రాని కూలి, పొగకు పట్టి వదలని దగ్గు, ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకకపోవడం, బళ్లో పిల్లవాణ్ణి పక్కన కూర్చోనివ్వకపోవడం చెబుతారు. తరతరాలుగా రోజూ అందుబాటులో ఉన్న ఈ సాక్ష్యాన్ని ఊరు ఎన్నడూ లెక్కచేయలేదు. శాసనసభ్యుడు చెబితే నమ్మింది. ఎవరి మాటకు విలువ ఉండాలో కులం తేలుస్తున్నచోట రుజువులు ఎన్ని ఉన్నా కళ్లకు ఆనవు.

కూలీలను అంతగా భయపెట్టిన సగం కాలిన శవం సంగతి చూద్దాం. మనిషి దేహం పూర్తిగా కాలాలంటే మూడు నాలుగు క్వింటాళ్ల కట్టె కావాలి, అదీ బాగా ఎండింది. గోదావరి డెల్టాలో వానాకాలం వస్తే ఎండుకట్టె దొరకడమే కష్టం. పైకప్పు లేని శ్మశానంలో చితి మీద వాన కురుస్తుంది. కట్టెకు డబ్బు చాలని ఇంటివాళ్లు ఉన్నదాంతో సరిపెట్టి, మిగిలినదానికి కిరోసిన్ మీదా పాత టైర్ల మీదా ఆధారపడతారు. నిప్పు పెట్టాక వెనక్కి తిరిగి చూడకూడదని ఆచారం. అందుకని దేహం పూర్తిగా కాలిందో లేదో చూసే బంధువు ఒక్కడూ మిగలడు. పూడ్చేవాళ్ల తిప్పలు ఇంకోరకం. డెల్టా నేలలో కొద్ది లోతులోనే నీరు పడుతుంది, గొయ్యి లోతుగా పోదు, కుక్కలు తోడేస్తాయి. పలుగు వేసినప్పుడు ఎముక పైకి రావడానికి ప్రేతాత్మ అక్కర్లేదు. పేదరికం, వాన, మున్సిపాలిటీ నిర్లక్ష్యం చాలు. ఆ శవాన్ని చూసి కూలీలు పారిపోవడం నాకు అర్థమవుతుంది. దాన్ని చూసి ఊరికి సిగ్గు కలగకపోవడమే అర్థం కాదు.

శ్మశానం కథల్లో అన్నిటికంటే గట్టిగా నిలబడేది, శవం లేచి కూర్చుందనేది. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూసింది నిజమే. విపరీతమైన వేడికి కండరాల్లోని నీరు ఆవిరై అవి ముడుచుకుపోతాయి. మోచేతులు, మోకాళ్లు వంగుతాయి, పిడికిళ్లు బిగుస్తాయి, దేహం కుస్తీకి దిగిన మల్లుడి భంగిమలోకి వస్తుంది. కింద కట్టె కాలి కుంగితే దేహం ఒక పక్కకు లేచినట్టు కనబడుతుంది. ఇది ప్రపంచమంతటా ఫోరెన్సిక్ వైద్యులకు తెలిసిన విషయం. కాటికాపరికీ తెలుసు. అందుకే చేతిలో పొడుగాటి గెడ పెట్టుకుని, దేహాన్ని మళ్లీ మంటలోకి నొక్కుతాడు. ఆ గెడ పట్టిన చేతిని ఒక్కసారి శ్రద్ధగా గమనించినవాడికి ఆ తర్వాత ఈ కథ చెప్పబుద్ధి కాదు. చితిలోంచి వచ్చే పెద్ద చప్పుడు కూడా ఇలాంటిదే. పాడె కట్టిన వెదురు కణుపుల మధ్య గాలి మూసుకుపోయి ఉంటుంది. అది వేడికి వ్యాకోచించి బొంగును చీల్చుతుంది.

కొరివి దయ్యాల మాట వేరు. దూరాన పొలాల మీద ఒక వెలుగు కదులుతూ కనబడుతుంది, దగ్గరికి పోతే ఉండదు. డెల్టా పల్లెల్లో రాత్రిపూట పీతలకూ చేపలకూ దీపం పట్టుకుని గట్ల వెంట తిరిగేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. దీపం గట్టు చాటుకు పోతే మాయమవుతుంది, ఇవతలకు వస్తే ప్రత్యక్షమవుతుంది. కొన్నిచోట్ల చిత్తడి నేలల్లోంచి వచ్చే వాయువులు కారణం కావచ్చు. బురదలోంచి బుడగలుగా వచ్చే మీథేన్‌ను పట్టి, అది మండుతుందని 1776లోనే ఇటలీలో వోల్టా చూపించాడు. అది దానంతటది ఎలా అంటుకుంటుంది, అందులో ఫాస్ఫీన్ పాత్ర ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది. ఆ ఖాళీలో దయ్యాన్ని కూర్చోబెట్టే తొందర మనకెందుకు?

పాత సమాధుల మీద, పాడుబడ్డ మండపాల్లో బుసకొట్టేదీ కీచుమని అరిచేదీ చాలాసార్లు తెల్ల గుడ్లగూబ. ఎలుకల్ని తిని వరి రైతుకు మేలు చేసే పక్షి అది. దాన్ని చావుపిట్ట అని రాళ్లేసి చంపుతాం. దయ్యం కథకు బలైన ప్రాణాల్లో దాన్నీ లెక్కవేయాలి.

తెలుగువాళ్లకు శ్మశానాన్ని దగ్గరగా చూపించింది రంగస్థలం. సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం జనం తెల్లవార్లూ మేలుకుని కూర్చునేవారు. ఆ సీనులో కవి జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలు పాడటం ఆనవాయితీ అయింది. ఆ ఘట్టంలో ప్రేక్షకుల గుండె పిండేది దయ్యం కాదు. కన్నబిడ్డను దహనం చేయడానికి కాటిసుంకం కట్టలేని తల్లి, సుంకం అడగక తప్పని కాపరి. శ్మశానంలో అసలు దుఃఖం ఎక్కడుందో ఆ నాటకం చూసిన పల్లెటూరి జనానికి తెలుసు. ఇంటికి వెళ్లే దారిలో మళ్లీ చింతచెట్టు చూసి ఎందుకు వణికారంటే, భయం చిన్నప్పుడు అన్నం ముద్దతో పాటు పెట్టింది కనుక. తినకపోతే దయ్యానికి పట్టిస్తానని బెదిరించి పెంచిన పిల్లలం మనం.

భయం ఎంత వేగంగా పాకుతుందో మన ఇళ్ల తలుపులే చెబుతాయి. తెలిసినవాళ్ల గొంతుతో పిలిచే ఆడదయ్యం రాత్రిళ్లు తలుపు తడుతోందన్న పుకారుతో ఊళ్లకు ఊళ్లు ‘ఓ స్త్రీ రేపు రా’ అని గోడల మీద, తలుపుల మీద రాసుకున్నాయి. చూసింది ఎవరు అంటే పక్క ఊరివాళ్లు. పక్క ఊరికి పోతే, అవతలి ఊరివాళ్లు.

ఇంతవరకే అయితే పోనీలే అనవచ్చు. శ్మశానం పక్కగా వచ్చిన పిల్లకు జ్వరమొస్తే గాలి సోకిందంటారు. మూర్ఛ వస్తే దయ్యం పట్టిందంటారు. వేపమండలతో కొట్టి, మిరపకాయల పొగ పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన ఆ కొద్ది రోజులూ భూతవైద్యుడి దగ్గర పోగొడతారు. ఆ నమ్మకమే కొంచెం ముదిరితే, శ్మశానంలో క్షుద్రపూజ చేశాడంటూ ఒక ముసలివాణ్ణో ఒంటరి ఆడమనిషినో చూపిస్తారు. చేతబడి నెపంతో కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా వస్తున్నాయి. చచ్చినవాళ్ల వల్ల ఎవరూ చావలేదు, వాళ్ల పేరు చెప్పి బతికున్నవాళ్లను చంపుతున్నారు.

ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదనడానికీ ఈ భయమే సాకు. కన్నతండ్రికి కొరివి పెడతానని కూతురు నిలబడితే, గాలి తగులుతుంది, కడుపున కాయ కాయదు అని బెదిరిస్తారు. వారసత్వం, ఆస్తి, కర్మ చేసే హక్కు మగవాడి చేతిలో ఉండటానికి దయ్యం బాగా ఉపయోగపడుతోంది.

కర్ణాటకలో రాజకీయ నాయకుడు సతీశ్ జార్కిహొళి 2014 నుంచి ఏటా అంబేద్కర్ వర్ధంతి అయిన డిసెంబరు 6న బెళగావి శ్మశానంలో జనంతో కలిసి తిని, రాత్రి అక్కడే గడుపుతున్నారు. ఆ రోజును ఎంచుకోవడంలోనే ఆయన ఆలోచన తెలుస్తుంది. దయ్యం భయాన్నీ అంటరానితనాన్నీ ఒకే చోట పట్టుకున్నారు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద చట్టాలు చేశాయి. ఒక గ్రహణం నమ్మకాన్నీ, ఒక నిప్పుల గుండం మహిమనూ జనం ముందు పరీక్షకు పెట్టిన నాస్తికులు గోరా దంపతుల నేల మనది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన నేల. ఇక్కడ అలాంటి చట్టం కోసం ఇంకా అడుక్కోవాల్సి రావడం నాకు బాధగా ఉంది.

ఉన్న చట్టాన్నయినా అమలు చేయాలి. ఉమ్మడి శ్మశానాన్ని వాడుకోకుండా దళితుల్నీ ఆదివాసీల్నీ అడ్డుకోవడం, 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ప్రకారం నేరం. అయినా ఊరూరా కులానికొక శ్మశానం, చివరికి దక్కేది చెరువు గట్టో రోడ్డు పక్క పోరంబోకో. మున్సిపాలిటీలు శ్మశానానికి గేటు పెట్టి, శివుడి బొమ్మ నిలబెట్టి బాగుచేశామంటాయి. కావాల్సింది చితి మీద వాన పడకుండా రేకుల షెడ్డు, ఎండుకట్టె నిల్వ, వచ్చినవాళ్లు స్నానం చేయడానికి కుళాయి, దారి పొడుగునా దీపాలు. వాటితో పాటు కాటికాపరి పేరు మున్సిపాలిటీ జీతాల పట్టీలోకి ఎక్కాలి, చేతికి తొడుగులు, మొహానికి మాస్కు, ఊపిరితిత్తులకు ఏటా పరీక్ష అందాలి.