డేగ చెంత కుక్కపిల్ల: స్నేహమా, సంధియా?

వేటడేగ తెలుగువారికి కొత్త పక్షి కాదు. 15వ శతాబ్ది చివర విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులోనే అది ఉన్నది. సాళువమంటే వేటకు మచ్చిక చేసిన డేగ. ప్రబంధకవుల మృగయా వర్ణనలలో జాగిలాలకూ కొదవ లేదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇటువంటి వేటకు అడ్డుకట్ట వేసింది. కాని తెలుగువారు స్థిరపడిన బ్రిటన్, అమెరికా దేశాలలో డేగవేట నేటికీ చట్టసమ్మతమైన విద్యగా నిలిచి ఉన్నది.

ఈ విద్యలో జాగిలం పాత్ర డేగ పాత్రకు తీసిపోదు. బ్రిటన్ పొలాల గట్ల వెంట దట్టంగా అల్లుకున్న ముళ్లపొదలో కుందేలు దాగితే, చెట్టుకొమ్మ మీది డేగ చేయగలిగినది ఏమీ లేదు. పొద చొచ్చి కుందేలును వెలుపలికి తరిమేందుకు కుక్క కావాలి. చిన్న దేహం, మొండి ధైర్యం గల టెరియర్ అందుకు తగిన జాతి. అందుకే హారిస్ డేగతోపాటు టెరియర్ పిల్లను కూడా పెంచాలనే ఉత్సాహం ఈ వేటగాళ్లలో తరచు కలుగుతుంది. ఉత్సాహాన్ని తప్పు పట్టనక్కరలేదు. కాని రెండింటినీ ఒకే ఇంట చేర్చినంత మాత్రాన అవి మిత్రులవుతాయనుకోవడం భ్రమ. ఆ భ్రమకు మూల్యం చెల్లించేది మనిషి కాదు. గోళ్ల దెబ్బకు కన్ను పోగొట్టుకునే కుక్కపిల్ల, లేదా కుక్క కోరలకు చిక్కి ప్రాణం విడిచే డేగ.

టెరియర్ అనే పేరుకు మూలం నేల అనే అర్థం గల లాటిన్ పదం. బొరియలో దూరి నక్కను ఎదుర్కొనేందుకు తరతరాలుగా ఎంచి పెంచిన కుక్క ఇది. భూమిలోపల ఉన్నదానికి యజమాని ఆజ్ఞ అందదు. తానే నిర్ణయించుకోవాలి, తానే తలపడాలి. పాయింటర్ జాతి కుక్క వేటను పసిగట్టి నిలబడిపోతుంది. టెరియర్ మీదపడి పట్టుకుంటుంది. రెక్కలు టపటప కొట్టుకునే పక్షి దానికి సహజంగా వేటవస్తువే. ఏ గుణాన్ని ఆశించి దానిని తెచ్చుకుంటారో, ఆ గుణమే డేగ పాలిట మృత్యువు కాగలదు.

హారిస్ డేగ స్వభావం మరొక తీరు. అమెరికా నైరుతి ప్రాంతపు ఎడారుల నుండి దక్షిణ అమెరికా వరకు దాని నివాసం. వేటపక్షులలో అరుదైన లక్షణం ఒకటి దానికి ఉన్నది: అది బంధుగణంతో కలిసి వేటాడుతుంది. న్యూమెక్సికోలో ఈ డేగలు గుంపుగా కుందేళ్లను పట్టే విధానాన్ని జేమ్స్ బెడ్నార్జ్ 1988లో ‘సైన్స్’ పత్రికలో వివరించాడు. కలిసి వేటాడే పక్షి గనుక కుక్కను సులభంగా తోడు చేసుకుంటుందని కొందరి ఊహ. కాని దాని జన్మభూమిలో తోడేలును పోలిన కొయోటీ కూడా తిరుగుతూ ఉంటుంది. అలవాటు లేని హారిస్ డేగ కుక్కను శత్రువుగానే చూస్తుందనేది వేటగాళ్ల అనుభవం. ఇంటి కుక్కను సహించే డేగ పరాయి కుక్కపై విరుచుకుపడడం కూడా వారెరిగినదే. అంటే అది నేర్చినది కుక్కలను ప్రేమించడం కాదు. ఫలానా కుక్కవల్ల తనకు భయం లేదని మాత్రమే.

ఇక్కడ శాస్త్రం చెప్పే మాట వినదగినది. అమెరికాలోని బార్ హార్బర్‌లో సాగిన దీర్ఘపరిశోధన ఫలితాలను స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లో గ్రంథంగా ప్రకటించారు. కుక్కపిల్ల ఇతర జీవులతో సాంగత్యం అలవరచుకునే కాలం సుమారు 3వ వారం నుండి 12వ వారం వరకు ఉంటుందని వారు తేల్చారు. పిల్ల కొత్త ఇంటికి వచ్చేది సాధారణంగా 8 వారాల వయస్సులో. అంటే యజమానికి మిగిలే అనుకూలకాలం సుమారు నాలుగు వారాలే. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

ఆ నాలుగు వారాలలో చేయవలసినది ఆర్భాటం లేని పని. డేగ యజమాని పిడికిలి మీద మాంసం తింటూ ఉండాలి. కుక్కపిల్ల దూరాన పట్టీతోనో బోనులోనో ఉండాలి. ఆ దూరం రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గాలి. కుక్క కనబడితే తిండి దొరుకుతుందని డేగకు, డేగ కాలి మువ్వలు మోగినా పట్టించుకోకుండా ఉంటే మెచ్చుకోలు దొరుకుతుందని కుక్కకు బోధపడాలి. డేగ పట్టిన వేటపై రెక్కలు కప్పి కూర్చున్నప్పుడు కుక్క దరిచేరరాదు. చెప్పిన చోట కూర్చోవడం, పిలిస్తే వెనుదిరగడం దానికి వేటకన్నా ముందే రావాలి. ఎంత చనువు కుదిరినా రెండింటినీ ఒంటరిగా వదలరాదు.

‘ఒకసారి డేగ గోరు తగిలితే కుక్కకు బుద్ధి వస్తుంది’ అనేవారు కూడా ఉన్నారు. ఇది సులభమార్గంగా తోచవచ్చు. కాని భయంతో నేర్చిన పాఠం ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. పిరికిదైన కుక్క డేగ ఉన్న పొలంలో పని మానేస్తుంది. టెరియర్ వంటి మొండిది తిరగబడి కరుస్తుంది. పిల్లకు కన్ను పోయిన తరువాత బుద్ధి వచ్చి ప్రయోజనమేమి?

కుక్కపిల్లను, శిక్షణ లేని డేగను ఒకే ఏడాది తేవడం అన్నిటికన్నా అవివేకం. డేగను రోజూ తూచి, తూకాన్ని బట్టి మేత పెట్టి, ఎగరడం నేర్పడానికే తొలి ఏడాది చాలదు. ఒకటి స్థిరపడిన తరువాత రెండవది రావాలి. లేకుంటే రెంటికీ చెడిన రేవడి చందమవుతుంది.

అమెరికాలో డేగవేటకు అనుమతిపత్రం కావాలి. కనీసం రెండేళ్లు అనుభవజ్ఞుని చెంత శిష్యరికం చేయాలి. బ్రిటన్‌లో పెంపకంలో పుట్టిన హారిస్ డేగను కొనేవానికి అటువంటి నిర్బంధం లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుండి అమలులో ఉన్న వేటచట్టం కూడా వేటపక్షి కోసం కుక్కతో జంతువును పొద నుండి తరమడానికి షరతులతో మినహాయింపు ఇచ్చింది. చట్టం బలవంతపెట్టని చోట శిష్యరికాన్ని స్వచ్ఛందంగా స్వీకరించడమే ధర్మం. డేగకూ కుక్కకూ మధ్య కుదిరేది స్నేహం కాదు, మనిషి పూచీ మీద నిలిచే సంధి. ఆ పూచీకి రోజూ సమయం వెచ్చించలేనివారు రెండింటిలో ఒకదానితో తృప్తిపడడమే ఆ మూగజీవాలకు చేయగల మేలు.