ఢిల్లీ చూచి వచ్చితిమి!

ఉత్తరదేశయాత్ర చేసివచ్చిన మన పట్టణవాసులను ఢిల్లీలో నేమి చూచితిరని యడిగినచో కుతుబ్ మీనారు, ఎఱ్ఱకోట, ఇండియా గేటు అని వ్రేళ్లు మడిచి చెప్పుదురు. ఒక్కదినము బండిలో తిరిగి, ఛాయాచిత్రములు తీసికొని, రాత్రి రైలుకు మరలుటయే యాత్ర యైనది. వారిని నిందించుట మా యుద్దేశము గాదు. సెలవులు, వ్యయము, పిల్లల యలసట మేమెఱుగనివి కావు. కాని యే నగరముతో మన కథ యేడువందల యేండ్ల క్రిందట ముడిపడెనో, ఆ నగరమున మన గుర్తులను మనమే చూడక వచ్చుట విచారకరము.

1323లో ఓరుగల్లు పడిపోయెను. కోటను గొన్నవాడు ఉలుగ్ ఖాను. ఇతడే పిమ్మట మహమ్మదు బిన్ తుగ్లక్. ఇతని తండ్రి కట్టించిన తుగ్లకాబాదు నేడును ఢిల్లీకి దక్షిణమున శిథిలమై యున్నది. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి పంపబడి దారిలోనే యసువులు బాసెను. ఇంతవరకు మన బాలురును చదువుదురు. కాని యా పతనానంతరము ఢిల్లీ చేరి, మతము మార్చుకొని, మక్బూలను పేర ప్రభువుల కొలువున జొచ్చిన తెలుగువాని సంగతి యెందఱెఱుగుదురు? ఫిరోజ్ షా తుగ్లక్ కాలమున నతడు ఖానె జహాను బిరుదముతో ప్రధానమంత్రి యయ్యెను. అక్షరజ్ఞానము లేనివాడని నాటి చరిత్రకారుడే వ్రాసినాడు. అయినను, సుల్తాను దండయాత్రలకు బోయి నెలలతరబడి వార్తయైన లేనప్పుడు రాజధానిని నిలిపినవా డతడే. ప్రజలాతనిని తిలంగానీ యనిరి.

ఇతని గోరీ నిజాముద్దీను బస్తీలో నున్నది. ఎనిమిది పలకల కట్టడము. ప్రతి పలకకును మూడేసి కమానుల వసారా. ఢిల్లీలో నిట్టి గోరీలలో నిదియే మొదటిదందురు. లోడీ తోటలోని కొన్ని గోరీలును, హుమాయూను సమాధి యావరణలో 1547 నాటి ఈసాఖాను గోరీయును దీని ననుసరించినవే. వానికి తోటలు గలవు. మూలమైన దిదియో, ఇండ్ల నడుమ నిఱికియున్నది. మనవారు హైదరాబాదు నుండి దక్షిణ్ ఎక్స్‌ప్రెస్సులో పోయి దిగునది నిజాముద్దీను స్టేషనులోనే! అచ్చటినుండి యది యెంతో దూరము గాదు.

మతము మార్చుకొన్నవాడు మనవాడెట్లగునని కొందఱందురు. మనవాడు ఢిల్లీ నేలెనని మీసము దువ్వువారును గలరు. ఓరుగల్లు కూలుటయు నిజము, ఆ శిథిలములనుండి పోయినవాడు సామ్రాజ్యభారము మోసినదియు నిజము. ఒకదానికై రెండవదానిని దాచుట మాకు సమ్మతము గాదు.

ఎఱ్ఱకోటలోను ఇట్లే జరుగుచున్నది. 1739లో నాదిర్షా కొనిపోయిన నెమలిసింహాసనము కథ మార్గదర్శకులు నోరూర జెప్పుదురు. ఆ దివానె ఖాసులోనే 1858లో బహదూర్షాకు విచారణ జరిపి రంగూనుకు ప్రవాసము పంపిరి. అంతఃపుర మందిరములను పెక్కింటిని కూల్చి బారకాసులు గట్టిరి. 1945లో ఆజాద్ హింద్ ఫౌజు వీరులను విచారించినదియు నీ కోటలోనే. కూలినవాని జాడ యడుగువా రేరీ?

రిడ్జి గుట్టపై, 1857లో పోరాడిన ఆంగ్లసైన్యమునకై తెల్లవారు నిలిపిన స్తంభమొకటి గలదు. దానిపై మనవారు శత్రువులు. 1972లో దానికి అజిత్‌గఢ్ అని పేరు మార్చి, ఆ శత్రువులనబడినవారు స్వాతంత్ర్యవీరులని వేఱొక ఫలకము నిలిపిరి. పాతవ్రాత చెఱుపలేదు. ఇది మెచ్చదగిన పని.

మా కోరిక స్వల్పము. ఢిల్లీలో మన రెండు రాష్ట్రములకును భవనములున్నవి. అచ్చట దిగువారికి తిలంగానీ గోరీకి దారి చూపు పటమొకటి తెలుగున నిచ్చుట కేమంత ద్రవ్యము గావలెను? గోరీని ఉద్ధరింపదలచినచో నచ్చటి పేదలకు ముందుగా నిల్లు చూపవలెను. మన పఠనమందిరముల వారును, యాత్రకు బోవువారి చేతికి రైళ్ల పట్టికతోబాటు చరిత్రగ్రంథ మొకటి యీయవచ్చును.