ఊరి మాటల్ల చెప్పని శిక్షణ ఎవరి కోసం?

చేవెళ్ల మండలం ఆలూరులోనైనా, ఇంకో ఊర్లనైనా, ‘తెల్లబట్ట అయితున్నది’ అని ఆడబిడ్డ ముందుగాల చెప్పుకునేది డాక్టరుకు కాదు, ఆశకు, ఏఎన్‌ఎంకు. విన్నంక ఏమడగాలె?

సుఖవ్యాధుల మందులను జాతీయ కార్యక్రమం 7 రంగుల కిట్లు చేసింది. బూడిద రంగుది 1, ఆకుపచ్చది 2. రంగులు బట్టీపడితే వైద్యం రాదు. తెల్లబట్టంతా సుఖవ్యాధి కాదు. అది తెల్వక నోరుజారితే పచ్చని సంసారంల నిప్పు పడ్తది. నిజంగ సుఖవ్యాధే అయితే మొగనికీ మందు పడాలె, లేకుంటే ఆమెకు మళ్లీ అంటుకుంటది. ఆ మొగన్ని దవఖానకు రప్పించే మాట నేర్పేదెవరు? 2017 హెచ్‌ఐవీ చట్టం సమ్మతి లేనిది రోగి గుట్టు బయటపెట్టొద్దన్నది. ఊర్ల గుట్టు కాపాడుడు ఎట్లనో చట్టం చెప్పదు కదా!

నియామకాల కోసం కొట్లాడినం, 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. అయినా 2023ల రెండో ఏఎన్‌ఎంలు పర్మినెంటు కోసం సమ్మెకు దిగిన్రు. కాంట్రాక్టోళ్లకు శిక్షణ దండుగ అనుకుంటున్నరా? శిక్షణ సంస్థ హైదరాబాద్ వెంగళరావునగర్‌ల ఉన్నది. అది చేవెళ్ల దవఖానకు నడిచి రావాలె. ‘యోని స్రావం’ అని పుస్తకం చదివి పోతే ఒప్పుకోం. శిక్షణ రోజు ఆశలకు కూలి కట్టియ్యాలె. హాజరుపట్టీల డాక్టర్ల పేర్లు సుత ఉండాలె.