చేతులు చాచినంతనే సరిపోతుందా?

2013లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ అనే సూపర్‌మ్యాన్ చిత్రం విడుదలైనప్పుడు అమెరికాలో ఒక వింత జరిగింది. నిర్మాణ సంస్థ వార్నర్ బ్రదర్స్ అక్కడి పాస్టర్లను ప్రత్యేక ప్రదర్శనలకు ఆహ్వానించింది. ఆదివారం ప్రసంగానికి పనికొచ్చే నోట్సు కూడా సిద్ధం చేయించి ఇచ్చింది. యేసే మొదటి సూపర్ హీరో అన్నది దాని సారాంశం. శనివారం రాత్రి దాకా ప్రసంగం కోసం తల పట్టుకునే మాబోటి వాళ్లకు ఇలాంటి నోట్సు దొరికితే పండుగే మరి!

పోలికలకు ఆ చిత్రంలో కొదవ లేదు. కథానాయకుడికి ముప్ఫై మూడేళ్లు. శత్రువుకు లొంగిపోవాలా వద్దా అని తేల్చుకోలేక చర్చికి వెళ్తాడు. అతని వెనుక కిటికీ అద్దం మీద గెత్సేమనే తోటలో ప్రార్థిస్తున్న క్రీస్తు కనిపిస్తాడు. తర్వాత శత్రువు నౌకలోంచి బయటపడి, రెండు చేతులూ సిలువలా చాచి ఆకాశంలో తేలుతాడు. నిజానికి 1938లో సూపర్‌మ్యాన్‌ను లోకానికి పరిచయం చేసిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ యూదు యువకులు. బిడ్డను బతికించుకోవడానికి తల్లిదండ్రులు నౌకలో పెట్టి పంపే ఆ కథ చూస్తే మాకు ముందుగా జ్ఞాపకం వచ్చేది జమ్ముపెట్టెలోని మోషే. అది వేరే సంగతి.

అయితే ఆ చేతులు ఆ తర్వాత ఏం చేశాయి? పతాక పోరాటంలో మెట్రోపోలిస్ నగరపు మేడలు వరుసగా కూలిపోతాయి. వాటిలో ఉన్నవాళ్ల గతి ఏమైందో కెమెరా పెద్దగా ఆగి చూడదు. ఆ విధ్వంసాన్ని వీధిలో నిలబడినవాడి కళ్లతో చూపడానికి 2016లో ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ రావలసి వచ్చింది. చివరికి ఒక కుటుంబాన్ని కాపాడటానికి అతడు శత్రువు జాడ్ మెడ విరిచేస్తాడు, విరిచాక గుండెలు పగిలేలా అరుస్తాడు. ఆ వేదనను మేము తేలికగా తీసివేయడం లేదు. కానీ కిటికీ అద్దంలోని ఆయన, ఆ తోటలోనే, పేతురు దూసిన కత్తిని ఒరలో పెట్టించాడు. దూతల సేనలను పిలవగలిగి ఉండీ పిలవలేదు. చిత్రం ఆయన భంగిమను తీసుకుంది గాని ఆయన మార్గాన్ని తీసుకోలేదు.

ఈ మాట అనడానికి మాకూ సిగ్గుగానే ఉంది. స్వస్థతల గురించి, అద్భుతాల గురించి చెప్పినప్పుడు మా సంఘంలో హల్లెలూయాలు మారుమోగుతాయి. గెత్సేమనే దగ్గరికి వచ్చేసరికి వాచీలు చూసుకునేవారు కనిపిస్తారు. బలవంతుడైన రక్షకుణ్ణి కోరుకోవడం ఒక్క హాలీవుడ్ బలహీనతే కాదు.

2011లో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా’లో స్టీవ్ రోజర్స్ మొదట బక్కపలచని కుర్రాడు. శిక్షణ శిబిరంలో అధికారి ఉత్తుత్తి గ్రెనేడ్ విసిరితే దిట్టంగా ఉన్నవాళ్లందరూ పారిపోతారు. అది ఉత్తుత్తిదని స్టీవ్‌కు తెలియదు. దాని మీద బోర్లా పడి, మిగతావాళ్లను దూరంగా పొమ్మంటాడు. మందు ఎక్కించి అతణ్ణి బలవంతుణ్ణి చేసింది ఆ తర్వాతనే.

మాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం సామ్ రైమీ తీసిన ‘స్పైడర్‌మ్యాన్ 2’లోది. 2004 నాటి చిత్రం. బ్రేకులు పోయిన రైలు దూసుకుపోతోంది, ముందు పట్టాలు లేవు. స్పైడర్‌మ్యాన్ రైలు ముందు నిలబడి, ఇరుపక్కల భవనాలకు సాలెదారాలు విసిరి, రెండు చేతులూ చాచి బండిని ఆపుతాడు. ఇక్కడా అదే భంగిమ. అయితే ఇక్కడ బట్టలు చినుగుతాయి, ఒళ్లు హూనమవుతుంది. ముసుగు అప్పటికే లేదు. రైలు ఆగగానే అతడు స్పృహ తప్పి ముందుకు ఒరిగిపోతాడు. వెనుక నుంచి ప్రయాణికుల చేతులు వచ్చి పట్టుకుంటాయి. తలల మీదుగా మోసుకెళ్లి మెల్లగా పడుకోబెడతారు. లోకాన్ని కాపాడే వీరుడనుకున్నవాడు తమ పిల్లల వయసు వాడని అప్పుడు చూస్తారు. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చి ఇచ్చి, ఎవరికీ చెప్పమని మాట ఇస్తారు.

అంతలో డాక్టర్ ఆక్టోపస్ తన ఇనుప చేతులతో మళ్లీ వస్తాడు. లేవలేని ఆ కుర్రాడికి అడ్డంగా ఒక ప్రయాణికుడు నిలబడతాడు. అతని పక్కన మరొకరు, ఆ పక్కన ఇంకొకరు. ఏ శక్తీ లేని ఉద్యోగస్థులు, ఆడవాళ్లు. ఆ ఇనుప చేతులు వాళ్లను ఒక్క తోపులో పక్కకు నెట్టేస్తాయి. అయినా నిలబడ్డారు.