అయస్కాంతము - మానవదేహము

ఇనుమును తాకకయే తనకడకు లాగికొను రాయి పూర్వకాలమునుండియు మానవుని ఆశ్చర్యపరచుచున్నది. తెలుగువారు దానిని సూదంటురాయి యనిరి. సూదిని అంటించుకొను రాయి గావున ఆ పేరు దానికి చక్కగా అమరినది. కంటికి గోచరింపని శక్తి ఇనుమునే కదల్పగలిగినప్పుడు, అదే శక్తి దేహములోని రోగమును ఏల లాగివేయరాదని పూర్వులు తలపోయుట సహజమే. ఆ తలంపు నేటికిని నశింపలేదు. అయస్కాంతపు కంకణములు, నడికట్లు, పరుపులు నొప్పులను పోగొట్టునని చెప్పి అమ్మువారు కలరు. కొనువారిలో కలిగినవారే కాక, కూలిచేసి కూడబెట్టిన సొమ్మును వెచ్చించువారును కలరు. కొందరు వానిని నమ్మి వైద్యుడిచ్చిన మందును మానుకొందురు. కావున ఇది వినోదమునకై చర్చించి విడువదగిన విషయము కాదు.

అయస్కాంతము మానవదేహముపై పనిచేయునా యను ప్రశ్నకు ఔననియో, కాదనియో ఒక్కమాటలో బదులు చెప్పుట సరికాదు. ఆ అయస్కాంతము ఎంత బలము గలది? దాని బలము నిలుకడగా నున్నదా, క్షణక్షణము మారుచున్నదా? దానివలన కలిగెనని చెప్పు ఫలితమును ఎవరు, ఎట్లు పరీక్షించిరి? ఈ మూడు ప్రశ్నలును అడుగనివాడు వ్యాపారి మాటలకు లోబడును. లేదా, తెలియనిదానినెల్ల పరిహసించి నిజమైన విజ్ఞానమును గూడ పోగొట్టుకొనును. రెండును హానికరములే.

మూడవ ప్రశ్న యెంత ముఖ్యమైనదో తెలుపు ఉదంతమొకటి ఫ్రాన్సు దేశ చరిత్రలో కలదు. మెస్మరు అను వైద్యుడు 1774వ సంవత్సరమున వియన్నా నగరమున రోగుల దేహములపై అయస్కాంతముల నుంచి చికిత్స చేసెను. కొలది కాలమునకే అతడు ఇనుప అయస్కాంతములతో పనిలేదనియు, విశ్వమంతటను వ్యాపించిన యొక సూక్ష్మద్రవమును తాను రోగిలోనికి ప్రవహింపజేయగలననియు చెప్పసాగెను. దానికి జీవాయస్కాంత శక్తి యని పేరు. 1778లో అతడు పారిస్ నగరము చేరగా రోగులు గుంపులు గుంపులుగా వచ్చిరి. వారు పెద్ద కొయ్యతొట్టి చుట్టును కూర్చుండి, దానినుండి వెలువడిన ఇనుపకడ్డీలను నొప్పిగల చోట ఆనించుకొనెడివారు. కొందరు నవ్విరి, కొందరు ఏడ్చిరి, కొందరు మూర్ఛిల్లిరి, పెక్కుమంది తమ బాధ తగ్గినదనిరి.

ఈ వింతను విచారించుటకు పదునారవ లూయీ రాజు 1784లో పండితసంఘమును నియమించెను. అప్పుడు అమెరికా రాయబారిగా ఫ్రాన్సులో నుండిన బెంజమిన్ ఫ్రాంక్లిను, ఆధునిక రసాయనశాస్త్రమునకు పునాది వేసిన లవాజియే మున్నగువారు అందు సభ్యులు. మెస్మరు శిష్యుడగు దెలాన్ అను వైద్యుడు తన విద్యను వారియెదుట ప్రదర్శింప నంగీకరించెను. పాసీ గ్రామములో ఫ్రాంక్లిను నివసించుచున్న గృహపు తోటయందు అతడు ఒక ఆప్రికాటు చెట్టునకు తన శక్తిని సంక్రమింపజేసెను. ఆ శక్తిని చక్కగా గ్రహింపగలవాడని తానే యెంచిన పండ్రెండేండ్ల బాలుని తోడ్కొని వచ్చెను. పండితులు బాలుని కన్నులకు గంతకట్టి, నాలుగు మామూలు చెట్లకడకు వరుసగా నడిపించి, ఒక్కొక్కదానిని కౌగిలించుకొనుమనిరి. మొదటి చెట్టుకడ బాలునికి చెమట పట్టెను; దగ్గు వచ్చెను. రెండవదానికడ తల తిరిగెను. మూడవదానికడ ఆ బాధ అధికమయ్యెను. నాలుగవదానికడ అతడు మూర్ఛపోయి పడెను. దెలాన్ శక్తి నింపిన చెట్టు అప్పటికి ఇరువదినాలుగు అడుగుల దూరమున నిలిచియున్నది!

ఇందు గమనింపవలసినది యొకటి కలదు. ఆ బాలుడు అబద్ధమాడలేదు. చెమట నిజము, మూర్ఛ నిజము. వానికి కారణము మాత్రము అతడనుకొన్నది కాదు. తన మనస్సులోని నమ్మకమే అతని దేహమును కదల్చినది. ఊహ తోడైనచో శక్తి లేకున్నను ఫలితము కలుగుననియు, ఊహ తొలగినచో ఆ శక్తి యేమియు చేయజాలదనియు పండితులు తీర్పు చెప్పిరి. కన్నులకు గంతకట్టిన ఆ చిన్న పరీక్షయే నేటి వైద్యపరిశోధనకు మార్గదర్శకములైన వానిలో నొకటి.

ఇప్పుడు కంకణముల సంగతి చూతము. ఇంగ్లండులోని యార్కు విశ్వవిద్యాలయ పరిశోధకులు రుమటాయిడ్ కీళ్ళవాతముతో బాధపడు 70 మందిని పరీక్షించి, 2013లో ఫలితములను ప్రకటించిరి. బలమైన అయస్కాంతపు పట్టీ, బలహీనమైన పట్టీ, అయస్కాంతశక్తి తొలగించిన పట్టీ, రాగికడియము - ఈ నాలుగింటిని ఒక్కొక్క రోగియు ఒకదాని తరువాత నొకటిగా అయిదేసి వారములు ధరించెను. నొప్పిని, వాపును గమనించిరి, రక్తమును పరీక్షించిరి. నాలుగింటికిని చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

మఱి, ధరించినవారిలో పలువురు మేలు కలిగినదని ఏల చెప్పుదురు? కీళ్ళనొప్పి సముద్రపు ఆటుపోటులవలె హెచ్చుచు తగ్గుచు నుండును. నొప్పి మిక్కిలి హెచ్చినప్పుడే మనుజుడు కంకణము కొనును. తరువాత అది తనంతట తాను తగ్గినను, ఆ కీర్తి కంకణమునకే దక్కును. కాకి వాలినంతనే తాటిపండు పడెనను కాకతాళీయ న్యాయమిదియే.

రక్తములో ఇనుము కలదు గదా, అయస్కాంతము దానిని లాగదా యని కొందరు వాదింతురు. ఉత్తరదిక్కున తలపెట్టి నిద్రింపరాదను ఆచారమునకు గూడ ఇదే కారణమని చెప్పువారు కలరు. మానవదేహమున ఇనుము సుమారు 3 లేక 4 గ్రాములుండుట వాస్తవమే. కాని అది మేకువలె గట్టి ముద్దగా లేదు. అందధికభాగము రక్తములోని హీమోగ్లోబినునందు విడివిడి పరమాణువులుగా బంధింపబడి యున్నది. ప్రాణవాయువును గైకొన్న రక్తమును అయస్కాంతము లాగదు సరికదా, మిక్కిలి స్వల్పముగా నెట్టును. ఈ విషయమును 1936లో పౌలింగు, కోర్యెల్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. తెలుగుదేశమున భూమి అయస్కాంతబలము సుమారు 40 మైక్రోటెస్లాలు, అనగా ఒక టెస్లాలో నాలుగు లక్షవ వంతులు. ఆసుపత్రులలో దేహాంతర్భాగముల చిత్రములు తీయు ఎం.ఆర్.ఐ. యంత్రపు బలము సాధారణముగా 1.5 టెస్లాలు. ఇది భూమి బలమునకు ముప్పదివేల రెట్లకు మించినది. అట్టి యంత్రములో అరగంటసేపు పరుండిన రోగి రక్తమే దారి తప్పకున్నప్పుడు, మంచము త్రిప్పినంతమాత్రమున ఏమి కాగలదు? ఆచారమును గౌరవించువారు గౌరవింపవచ్చును. దానికి శాస్త్రమను ముసుగు తొడుగుట మాత్రము తగదు.

ఇంతమాత్రమున అయస్కాంతము దేహముపై ఏమియు చేయజాలదనుటయు తప్పే. ఆ యంత్రము పనిచేయునదియే దేహములోని నీటియందలి హైడ్రోజను కేంద్రకములపై గదా! 1997లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు 16 టెస్లాల బలముతో సజీవమైన కప్పను గాలిలో తేల్చి చూపిరి. త్వరగా మారు అయస్కాంతక్షేత్రము విద్యుత్తును పుట్టించునని 1831లోనే ఫారడే కనుగొనెను. ఆ సూత్రము ననుసరించి 1985లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున ఆంథొనీ బార్కరు బృందము తలపైనుంచిన తీగచుట్టతో మెదడును ప్రేరేపించి చేతికండరములను కదల్చెను. నేడు మందులకు లొంగని కొన్ని మనోవ్యాధులకు వైద్యులు ఈ పద్ధతిని వాడుచున్నారు. చేతికంకణమునకు ఆ బలమును లేదు, ఆ మార్పును లేదు. పేరొకటియైనంతనే పని యొకటి కాదు.

నిజమైన శక్తియున్న చోట నిజమైన అపాయమును ఉండును. 2018లో ముంబయి నగరమున ప్రాణవాయువు సిలిండరుతో ఎం.ఆర్.ఐ. గదిలో ప్రవేశించిన యొక వ్యక్తి యంత్రము లాగివేయగా మరణించెను. గుండెలో పేస్‌మేకరు అమర్చబడినవారు బలమైన అయస్కాంతములను దరిచేర్చుకొనరాదు. ఆటవస్తువులలోని చిన్న అయస్కాంతములను రెంటిని బిడ్డ మ్రింగినచో, అవి ప్రేగుల గోడలను నడుమ బిగించి రంధ్రము చేయగలవు.

రుమటాయిడ్ వ్యాధికి సకాలమున మందు వాడనిచో కీళ్ళు మరల సరిదిద్దరానంతగా చెడిపోవును. కంకణముపై నమ్మికతో జారవిడిచిన నెలలను ఏ అయస్కాంతమును వెనుకకు లాగితేజాలదు. కావున బడిలో విజ్ఞానశాస్త్రము చదువు బాలబాలికలకు ఒక బాధ్యత కలదు. ఇంటిలోని పెద్దల నమ్మకమును పరిహసింపక, బలమెంత, మార్పెట్టిది, పరీక్ష యేది యను మూడు ప్రశ్నలను వినయముతో వారి ముందుంచవలెను. వైద్యుడిచ్చిన మందును మాత్రము మానవలదని వేడుకొనవలెను. చదువు ఇంటికి ఉపకరించు విధములలో ఇదియు నొకటి.